వయొలిన్‌కి గేర్ పెగ్గులు: కొలత దగ్గర నుంచి శ్రుతి దాకా

తీగలు బిగించి శ్రుతి చేసే చెక్క బిరడాల బదులు, లోపల పళ్ళ చక్రాలున్న గేర్ పెగ్గులు మనమే వేసుకోవచ్చా, షాపులో ఇవ్వాలా, ఏ సైజు కొనాలి, వేశాక జారితే ఏం చేయాలి... ఈ ప్రశ్నలు అడుగుతూనే ఉన్నారు కాబట్టి మొత్తం ఒకచోట రాసేస్తున్నా. కర్ణాటక సంగీతం వాయించేవాళ్ళని దృష్టిలో పెట్టుకునే రాశాను.

ఒక మాట ముందే చెప్తాను. పెగ్గు బిగించడం కష్టం కాదు, దానికి తగ్గట్టు కన్నాన్ని సరిచేయడమే అసలు పని. కొలతకి ఒక సాయంత్రం కేటాయిస్తే బిగింపు గంటలో అయిపోతుంది. కొలత ఎగ్గొట్టి పెగ్గులు తెప్పించుకుంటే మాత్రం అవి డబ్బాలోనే ఉండిపోతాయి.

1. లోపల ఏం జరుగుతుందో ముందు తెలుసుకోండి

చెక్క బిరడా (మామూలు పెగ్గు) పెగ్‌బాక్స్, అంటే మెడ చివరున్న పెట్టె, రెండు పక్క గోడల్లోని కన్నంలో మొత్తంగా తిరుగుతుంది. అది తిరగాల్సిందీ ఆ రాపిడితోనే, ఆగాల్సిందీ ఆ రాపిడితోనే. వానాకాలం చెక్క ఉబ్బి బిగుసుకుపోతుంది, ఎండాకాలంలోనో ఏసీ హాల్లోనో ఎండి జారిపోతుంది. అమెరికాలో ఉన్నవాళ్ళకి చలికాలం హీటర్లతో ఇదే గొడవ.

గేర్ పెగ్గులో కన్నాన్ని పట్టుకునే భాగం వేరు, తిరిగే భాగం వేరు. పట్టుకునే భాగం కదలదు. తల తిప్పితే లోపలున్న చిన్న పళ్ళ చక్రాలు ఆ తిప్పుడిని తగ్గించి, తీగ చుట్టుకునే భాగానికి అందిస్తాయి. బయటికి చూస్తే మామూలు నల్ల బిరడాలాగే ఉంటుంది.

మనకి దీనివల్ల ఇంకో లాభం ఉంది. స్క్రోల్‌ని (మెడ కొసన చుట్టలాంటి భాగం) కుడి పాదం మీద ఆనించి కూర్చుంటాం కదా, చెక్క బిరడాని లోపలికి నొక్కుతూ తిప్పితే వయొలిన్ మొత్తం పాదం మీద నుంచి పక్కకి జరుగుతుంది. గేర్ పెగ్గుని నొక్కక్కర్లేదు, రెండు వేళ్ళతో తిప్పితే చాలు.

2. అసలు మీకు అవసరమా?

జారే బిరడాలన్నిటికీ గేర్ పెగ్గులు అక్కర్లేదు. ఒక బిరడా బయటికి తీసి వెలుతురులో చూడండి. రెండు గోడల దగ్గరా ఒరిసిన చోట మెరిసే పట్టీలు రెండు కనిపిస్తాయి. రెండూ చుట్టూ సమానంగా ఉంటే ఫిటింగ్ బాగున్నట్టే, కాస్త పెగ్ పేస్ట్ (బిరడా జారకుండా, పట్టేయకుండా రాసేది) రాసి, తీగని సరిగ్గా చుట్టుకుంటే సమస్య పోతుంది. ఒకటే పట్టీ ఉన్నా, ముక్కలు ముక్కలుగా ఉన్నా కన్నం గుండ్రంగా లేదని అర్థం. అప్పుడు ఎలాగూ కన్నం సరిచేయించాలి కాబట్టి గేర్ పెగ్గుల గురించి ఆలోచించవచ్చు.

ఈ సందర్భాల్లో వద్దు:

- అద్దె వయొలిన్. విదేశాల్లో పిల్లలకి చాలామంది అద్దెకే తీసుకుంటారు, దాని కన్నాలు మీరు ముట్టుకోకూడదు.
- ఇంకో ఏడాదిలో పెద్ద సైజుకి మారిపోయే పిల్లల 1/2, 3/4 వయొలిన్లు.
- పెగ్‌బాక్స్‌లో పగులు ఉన్నవి. ముఖ్యంగా రెండో తీగ బిరడా కన్నం చుట్టూ చూడండి, పగులు ఎక్కువగా వచ్చేది అక్కడే. ముందు దాన్ని అతికించాలి.
- తాతల నాటి మంచి వాయిద్యం. వేయించుకోండి, కానీ మీ చేత్తో కాదు.

చవక వయొలిన్ అయితే ఇంకో లెక్క కూడా ఉంది. పెగ్గుల సెట్టు ధర వయొలిన్ ధరకి దగ్గరగా వస్తుంది. ఆ డబ్బు మంచి తీగలకీ, బ్రిడ్జి (తీగల్ని మోసే చెక్క) సరిచేయించడానికీ పెడితే ఎక్కువ ఉపయోగం అని నా అభిప్రాయం.

3. ఏ రకం?

ఎక్కువగా దొరికేవి రెండు.

విట్నర్ ఫైన్‌ట్యూన్: జర్మనీ కంపెనీది. గేర్ 8.5:1, అంటే తల ఎనిమిదిన్నర చుట్లు తిప్పితే తీగ చుట్టుకునే భాగం ఒక్క చుట్టు తిరుగుతుంది. జిగురు అక్కర్లేదు, నొక్కి బిగించడమే. రెండు గోడల దగ్గరా కదలకుండా ఉంటుంది, మధ్య భాగం మాత్రమే తిరుగుతుంది.

నిల్లింగ్ పర్‌ఫెక్షన్: గేర్ 4:1. తల వైపు మరలు ఉంటాయి, అవి చెక్కలోకి దిగి పట్టుకుంటాయి, కొంచెం జిగురు కూడా వాడతారు. ఎదుటి గోడలో ఉండే కొస మాత్రం తిరుగుతూనే ఉంటుంది. సెట్టులో ఎడమ వైపువీ కుడి వైపువీ వేరు, ఎందుకంటే తీగ లాగే దిశలో మర విప్పుకోకూడదు.

తేడా అంకెల్లో చూద్దాం. తీగ చుట్టుకునే చోట మందం 7 మి.మీ. అనుకుంటే, తల ఒక చుట్టు తిప్పినప్పుడు చెక్క బిరడా దాదాపు 22 మి.మీ. తీగ లాగుతుంది, 4:1 పెగ్గు ఐదున్నర మి.మీ., 8.5:1 పెగ్గు రెండున్నర మి.మీ. పైచిలుకు. శ్రుతి వెంట్రుకవాసిలో పట్టుకోవడానికి 8.5:1 మేలు. తీగ మార్చేటప్పుడు త్వరగా అయ్యేది 4:1.

ఇంట్లో చేసుకునేవాళ్ళకి నేను విట్నర్ రకమే చెప్తాను. జిగురు లేదు కాబట్టి తేడా వస్తే మళ్ళీ తీయొచ్చు. కింద చెప్పేదంతా ప్రధానంగా దాని గురించే, రెండోదానికి ఎక్కడ మారుతుందో అక్కడ చెప్తాను.

4. కొలత (తొందరపడొద్దు)

కావలసింది డిజిటల్ వెర్నియర్ కాలిపర్స్. స్కేలుతో కొలిస్తే పనికిరాదు, ఇక్కడ 0.1 మి.మీ. కూడా లెక్కే.

1. బిరడా కన్నంలో ఉండగానే, తల వైపు గోడ బయటి అంచు దగ్గర పెన్సిల్‌తో బిరడా మీద గీత పెట్టండి.
2. బయటికి తీసి సరిగ్గా ఆ గీత దగ్గర మందం కొలవండి. కొంచెం తిప్పి ఇంకోసారి కొలవండి. రెండు అంకెలూ వేరైతే బిరడా కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చేసింది, పెద్ద అంకె రాసుకోండి.
3. నాలుగింటికీ ఇలాగే చేయండి. ఒకదాన్ని కొలిచి మిగతావీ అంతే అనుకోవద్దు, ఎక్కువ వాడిన కన్నం పెద్దదవుతుంది.

వయొలిన్‌కి విట్నర్‌లో మామూలుగా దొరికే సైజులు 7.8, 8.5 మి.మీ. మీ కొలత 7.6 వచ్చిందంటే 7.8 కొని కన్నం కాస్త పెంచాలి. 8 వస్తే 7.8 వదులైపోతుంది, 8.5 కొని పెంచుకోవాలి. 8.5 దాటితే కన్నం పూడ్చి కొత్తగా వేయాలి, అది పనివాడి పని.

ఇంకో సంగతి, కన్నం ఏటవాలుగా ఉంటుంది, తల వైపు వెడల్పు, ఎదుటి వైపు సన్నం. ఇప్పటి వయొలిన్లలో ఈ వాలు 1:30, అంటే 30 మి.మీ. పొడవుకి 1 మి.మీ. తేడా. పాతవాటిలో, బాగా చవకవాటిలో ఇది వేరుగా ఉండొచ్చు. అప్పుడు పెగ్గు ఒక గోడనే పట్టుకుని రెండో గోడలో లొడలొడలాడుతుంది, రీమర్‌తో (కన్నాన్ని ఏటవాలుగా గీకి పెంచే పనిముట్టు) రెండు గోడల్నీ 1:30కి తేవాల్సిందే.

5. పనికి ముందు సర్దుకోవాల్సినవి

- వెర్నియర్ కాలిపర్స్
- 1:30 వాలున్న వయొలిన్ పెగ్ రీమర్ (మామూలు డ్రిల్లు బిట్టు ససేమిరా వద్దు)
- సన్న పళ్ళ రంపం, సన్నటి ఆకురాయి, 400 నంబరు ఎమరీ పేపర్
- మెత్తటి పెన్సిల్
- మాస్కింగ్ టేప్, మందపాటి తువ్వాలు
- మెత్తటి బ్రష్, పొడి గుడ్డ
- పర్‌ఫెక్షన్ రకం అయితే, కంపెనీ కాగితంలో చెప్పిన జిగురు మాత్రమే. ఫెవిక్విక్ లాంటిది వేశారంటే లోపల గేరు కూడా అతుక్కుపోతుంది, ఇక పెగ్గుని కోసి తీయాలి.

రీమర్ కొనడం దండగ అనిపిస్తే, నిజంగా దండగే. ఒక్క వయొలిన్ కోసం కొనే బదులు కన్నాల పని వరకు వాయిద్యాలు రిపేరు చేసే ఆయన దగ్గర చేయించుకుని, మిగతాది ఇంట్లో కానివ్వండి. పెగ్గులు కూడా వెంట తీసుకెళ్ళండి, వాటిని పెట్టి చూసుకుంటూ చేస్తారు.

6. ఒక్కో పెగ్గే, ఒక్కో తీగే

నాలుగు తీగలూ ఒకేసారి విప్పొద్దు. ఒత్తిడి మొత్తం పోతే బ్రిడ్జి పడుతుంది, దాంతోపాటు లోపల నిలబెట్టిన చిన్న చెక్క పుల్ల, సౌండ్ పోస్ట్ కూడా పడిపోతే దాన్ని నిలబెట్టడానికి మళ్ళీ షాపుకి పరుగు. ఒక తీగ విప్పి, ఒక పెగ్గు పూర్తి చేసి, తీగ ఎక్కించి, అప్పుడు రెండోదానికి వెళ్ళండి. టెయిల్ పీస్ (తీగల కింది కొసలు తగిలించే ముక్క) కింద తువ్వాలు మడిచి పెడితే పొరపాటున జారినా పైచెక్క మీద గీత పడదు.

వయొలిన్‌ని ముఖం మీవైపు, స్క్రోల్ పైకి ఉండేలా పట్టుకుని చూస్తే ఎడమ వైపు కింద నాలుగో తీగ, పైన మూడో తీగ, కుడి వైపు పైన రెండో తీగ, కింద ఒకటో తీగ. సులువైన నాలుగో తీగతో మొదలుపెట్టండి, రెండో తీగ చివర్లో. అప్పటికి చెయ్యి అలవాటు పడుతుంది.

7. కన్నం సిద్ధం చేయడం

ముందు శుభ్రం చేయాలి, చాలామంది వదిలేసేది ఇదే. ఏళ్ళ తరబడి రాసిన సుద్ద, సబ్బు, పేస్టు కన్నంలో పొరలాగా ఉంటుంది. దాని మీద కొత్త పెగ్గు పెడితే పట్టు దొరకదు. పొడి గుడ్డని సన్నగా చుట్టి కన్నంలోంచి అటూ ఇటూ లాగండి. స్పిరిట్ పోయొద్దు, అంచుల దగ్గర వార్నిష్ లేచిపోతుంది.

ఇప్పుడు కొత్త పెగ్గుని ఊరికే దూర్చి చూడండి. వెళ్ళాల్సినంత లోపలికి వెళ్ళకుండా ఎన్ని మి.మీ. బయట ఆగిందో కొలిచి 30తో భాగించండి, కన్నం అంతే పెరగాలి. 6 మి.మీ. బయట ఉంటే 0.2 మి.మీ. పెంచాలి. తిరగేసి చూడండి: రీమర్‌తో పొరపాటున 0.1 ఎక్కువ తీస్తే పెగ్గు 3 మి.మీ. లోపలికి కూరుకుపోతుంది, తల గోడకి దగ్గరైపోయి వేళ్ళు పట్టవు. అందుకే రీమర్‌ని రెండు చుట్లు తిప్పడం, తీయడం, పొట్టు బ్రష్‌తో దులపడం, పెగ్గు పెట్టి చూడడం. మళ్ళీ రెండు చుట్లు. అంతకంటే వేగం వద్దు.

- రీమర్ ఎప్పుడూ తల వైపు నుంచే పెట్టాలి.
- ఒకే దిశలో తిప్పండి, వెనక్కి తిప్పితే అంచు చెదురుతుంది.
- బలం పెట్టి నొక్కొద్దు, దాని బరువుకి కాస్త తోడు చాలు.
- రెండు గోడల్నీ సమానంగా తాకుతోందో లేదో పక్క నుంచి చూస్తుండండి.
- పెగ్గు 1 మి.మీ. బయట ఉండగానే ఆపేయండి. మిగిలింది బిగింపులో దిగుతుంది.

8. పెగ్గు బిగింపు

దూర్చండి, తీగ బెజ్జం పెగ్‌బాక్స్ లోపల, గోడలకి తగలకుండా వచ్చిందో లేదో చూడండి. ఎదుటి గోడ బయటికి పొడుచుకొచ్చిన కొస దగ్గర గీత పెట్టి, పెగ్గు బయటికి తీసి, రంపంతో కోసి, ఆకురాయితో అంచు గుండ్రం చేయండి. పెగ్‌బాక్స్‌లో ఉండగానే కోయాలని చూడకండి, రంపం జారి గోడకి గాటు పెడుతుంది.

ఇప్పుడు అరచెయ్యి ఎదుటి గోడకి ఆనించి, రెండో చేత్తో పెగ్గుని నిటారుగా, గట్టిగా లోపలికి నొక్కండి. సుత్తి వద్దు, పేస్టు వద్దు, నూనె వద్దు. ఈ పెగ్గు పట్టంతా ఎండు చెక్క మీదే.

తీగ ఎక్కించకముందే ఒక పరీక్ష చేయండి. ఎదుటి గోడ బయట కనిపించే కొస మీద, దాని పక్కనే గోడకి అతికించిన టేపు ముక్క మీద, రెండిటికీ కలిపి పెన్సిల్‌తో ఒక గీత గీయండి. తల తిప్పి చూడండి. గీత చెదరకుండా ఉండి, లోపల మధ్య భాగం మాత్రమే నెమ్మదిగా తిరిగితే బిగింపు కుదిరినట్టు. గీత విడిపోయిందంటే పెగ్గు మొత్తం తిరుగుతోంది, ఇంకా నొక్కాలి. తీగ ఎక్కించాక కూడా ఈ గీత రెండు మూడు రోజులు చెరపొద్దు.

పర్‌ఫెక్షన్ రకానికి ఈ పరీక్ష పనిచేయదు, దాని కొస తిరగాల్సిందే. అక్కడ ఎదుటి కన్నం నున్నగా, పట్టేయకుండా ఉండాలి. తల వైపు మరలకి మాత్రం పట్టు కావాలి, జిగురు ఆ మరలకే, అదీ పలచగా. ఎడమ, కుడి గుర్తులు రెండుసార్లు చూసుకున్నాకే జిగురు మూత తీయండి.

9. తీగ ఎక్కించడం

చెక్క బిరడాకి ఎక్కించినట్టు చాలా వదులు పెట్టి మొదలుపెడితే చెయ్యి పడిపోతుంది. మూడు చుట్ల తీగ అంటే 8.5:1 పెగ్గులో తలని పాతిక సార్లు తిప్పాలి. కాబట్టి తీగని బెజ్జంలోంచి దూర్చి, వదులు చాలావరకు ముందే లాగేసి, రెండు మూడు చుట్లకి సరిపడా ఉంచండి. విట్నర్ వాళ్ళదే తల మీద పెట్టి గిరగిరా తిప్పే వైండర్ కూడా ఉంది, తరచూ తీగలు మార్చేవాళ్ళు తీసుకోండి.

మొదటి చుట్టు తీగ కొస మీదుగా పోనివ్వండి, కొస నొక్కుకుని జారదు. తర్వాతి చుట్లు పక్కపక్కనే తల వైపుకి. కానీ గోడ దాకా వెళ్ళొద్దు, ఎందుకంటే గోడ దగ్గరున్న భాగం తిరగదు, తీగ దాని మీదకెక్కితే ఒరుసుకుని అక్కడే తెగుతుంది. తీగ పెగ్గు పైనుంచి రావాలి, కిందనుంచి కాదు.

మెడ చివర నట్టు (తీగలు ఆనే చిన్న దిమ్మ) గాట్లలో, బ్రిడ్జి గాట్లలో పెన్సిల్ గ్రాఫైటు రాయండి. బిగిస్తున్నంతసేపూ బ్రిడ్జిని చూస్తుండండి, పైభాగం మెల్లగా ముందుకి వాలుతుంది. టెయిల్ పీస్ వైపున్న దాని ముఖం పైచెక్కకి నిటారుగా ఉండాలి. వాలితే రెండు చేతులతో పట్టుకుని వెనక్కి సర్దండి.

10. శ్రుతి చేసుకోవడం

తంబురా పెట్టుకుని రెండో తీగ షడ్జమంతో మొదలుపెట్టి, ఒకటో తీగ పంచమం, మూడో తీగ మంద్ర పంచమం, నాలుగో తీగ మంద్ర షడ్జమం. ఒక్కసారి చేస్తే నిలవదు, కొత్త తీగలు సాగుతాయి, మొదటి రెండ్రోజులు దిగుతూనే ఉంటుంది. అది పెగ్గు తప్పు కాదు, టెన్షన్ పడొద్దు.

ఎప్పుడూ కిందనుంచి పైకి రండి. శ్రుతి ఎక్కువైతే ఊరికే వెనక్కి తిప్పి వదిలేయకుండా, కావలసినదానికంటే కాస్త దించి మళ్ళీ ఎక్కించండి. గేర్లలో దిశ మారినప్పుడు చిన్న వదులు ఉంటుంది, పైకి వచ్చి ఆగితే అది సర్దుకుంటుంది.

టెయిల్ పీస్ మీది ఫైన్ ట్యూనర్లు (శ్రుతి సన్నగా సర్దే చిన్న స్క్రూలు) ఇక అవసరం లేదు. కానీ అన్నీ ఒకేరోజు పీకేయకండి. ఒక వారం వాటిని మధ్యలో పెట్టి పెగ్గులతోనే శ్రుతి చేసుకోండి, అలవాటయ్యాక తీయండి. ఒకటో తీగకి ఉంచుకుంటే ఉంచుకోండి, తప్పేం లేదు.

రెండు శ్రుతిలో (షడ్జమం ఎంత ఎత్తులో ఉందో చెప్పే అంకె) వాయించేవాళ్ళు రెండున్నరకి మారాలంటే ఈ పెగ్గులతో హాయిగా ఉంటుంది. ఒకటిన్నర నుంచి ఐదున్నరకి అదే తీగలతో పోదామనుకుంటే మాత్రం ఏ పెగ్గూ కాపాడదు, తీగ తెగుతుంది. దానికి తీగల సెట్టే మార్చాలి.

11. తేడా వస్తే

*పెగ్గు మొత్తం తిరిగిపోతోంది.* తీగ వదులు చేసి మళ్ళీ గట్టిగా నొక్కండి. అయినా తిరిగితే కన్నంలో పాత పేస్టు మిగిలి ఉంది, లేదా కన్నం గుండ్రంగా లేదు. తీసి, శుభ్రం చేసి, రీమర్ ఒక్క చుట్టు. ఎండలు ముదిరినప్పుడు బాగానే ఉన్నవి కూడా ఇలా వదులవుతాయి, నొక్కితే సరిపోతుంది.

*తల తిప్పుతుంటే శ్రుతి కదలదు, ఉన్నట్టుండి టక్కున ఎగురుతుంది.* నూటికి తొంభై పాళ్ళు నట్టు గాట్లో తీగ పట్టేస్తోంది. గ్రాఫైటు రాయండి, తగ్గకపోతే గాటు వెడల్పు చేయించండి.

*తల బిగుతుగా తిరుగుతోంది.* కన్నం సన్నంగా ఉండగానే బలవంతంగా దూర్చారు. విప్పి కన్నం కాస్త పెంచాలి. నూనె చుక్క వేద్దామనే ఆలోచన మానుకోండి, అది చెక్కలోకి దిగి పట్టు పోతుంది.

*పెగ్‌బాక్స్‌లో సన్నటి గీత కనిపించింది.* ఆ క్షణమే తీగ దించేయండి. గీతా పగులా అని వాయించి తేల్చుకోవద్దు, రిపేరు ఆయనకి చూపించండి.

*మూడు తీగలు బాగున్నాయి, ఒకటే తెగుతోంది.* ఎక్కడ తెగుతోందో చూడండి. పెగ్గు దగ్గరైతే చుట్టు గోడ మీదకెక్కింది, నట్టు దగ్గరైతే గాటు పదునుగా ఉంది, బ్రిడ్జి దగ్గరైతే ఆ గాటు లోతైపోయింది.

12. వీణ వాళ్ళు కూడా అడుగుతున్నారు

వయొలిన్ పెగ్గులు వీణకి పెట్టొద్దు, వీణ బిరడాలు చాలా లావు. గిటారు తరహా కీలు బిగించిన వీణలు ఇప్పుడు వస్తున్నాయి, అది వేరే పని. నాలుగు వాయించే తీగలు, మూడు తాళం తీగలు, మొత్తం ఏడింటికీ స్క్రూలు దిగేలా చెక్కలో చోటు చూసుకోవాలి, పాత కన్నాలు పూడ్చాలి. బొబ్బిలి వీణలాగా ఒకే పనస దుంగలోంచి తొలిచినదైతే ఆ చెక్కకి కొత్త కన్నాలు పొడిచే ముందు తయారుచేసినవాళ్ళనే అడగండి. సన్నగా శ్రుతి సర్దుకోవడానికి మీకు లంగర్లు ఎలాగూ ఉన్నాయి కాబట్టి, బిరడా జారడం ఒక్కటే సమస్య అయితే దాన్నే సరిగ్గా ఒరిపించి కూర్చోబెట్టించుకోండి, ఖర్చూ తక్కువ.

చివరిగా, తీసిన చెక్క బిరడాల మీద ఏ తీగదో నంబరు రాసి దాచండి. కన్నం పెంచకుండా గేర్ పెగ్గులు వేసి ఉంటే ఎప్పుడైనా వాటికి తిరిగి వెళ్ళొచ్చు. రీమర్ తగిలిన కన్నానికి మాత్రం అవి ఇక సరిపోవు.